పెద్ద యంత్రానికి దారి వేయాలంటే...

1990ల చివర్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో డిగ్రీ చేతికొచ్చిన కుర్రాళ్లు చాలామంది హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో దిగారు. వైటూకే సమస్య పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్ తెలిసినవాళ్లకు అమెరికాలో గిరాకీ ఏర్పడింది. పత్తి అమ్మిన డబ్బో, మిర్చి పంట మీద తెచ్చిన అప్పో ఫీజు కింద కట్టి కోబాల్, జేసీఎల్ నేర్చుకున్నారు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు చూశారే తప్ప, వాటి వెనకున్న యంత్రాన్ని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. పెదకాకాని లాంటి ఊళ్లో కూర్చుని దాన్ని నేర్చుకోవడం అప్పట్లో కలలో మాట.

ఆ కలను నిజం చేసే దారి ఒకటి ఇప్పుడుంది. దాని పేరు లినక్స్. అయితే ఆ దారిలో మొదటి అడుగే కష్టం. అదే నెట్‌వర్క్ కలపడం.

అందనంత దూరం

ఐబీఎం సంస్థ 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 పేరుతో ప్రకటించిన కంప్యూటర్ల వారసులే నేటి దాని మెయిన్‌ఫ్రేములు. బ్యాంకులు, బీమా కంపెనీలు, విమానయాన సంస్థల లెక్కలు చాలావరకు వీటి మీదే నడుస్తుంటాయి. 1972లో వచ్చిన వీఎం అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకే యంత్రాన్ని అపార్ట్‌మెంటులా వాటాలు వేసి, ఒక్కో వాటాలో ఒక్కో వ్యవస్థను కాపురం పెట్టవచ్చు. యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అద్దె వేరే. పైగా ఐబీఎం 1978లో మన దేశం వదిలి వెళ్లి 1990ల్లో గానీ తిరిగి రాలేదు. ఇక మామూలు విద్యార్థికి ఏం అందుతుంది?

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. అది మెయిన్‌ఫ్రేమ్ మీద నడవడానికి కావలసిన మార్పులను 1999 డిసెంబరులో ఐబీఎం అందరికీ విడుదల చేసింది. మరుసటి ఏడాదే డేవిడ్ బోయెస్ అనే నిపుణుడు ఒకే మెయిన్‌ఫ్రేమ్‌లో 41,400 లినక్స్‌లను ఒకేసారి నడిపి అందర్నీ ముక్కున వేలేసుకునేలా చేశాడు.

ఇటుకలు రావాలన్నా దారి కావాలి

ఇంట్లో కంప్యూటర్‌కైతే ముందు సీడీనో పెన్‌డ్రైవ్‌నో పెట్టి లినక్స్ ఎక్కిస్తాం. ఇంటర్నెట్ సంగతి తర్వాత. మెయిన్‌ఫ్రేమ్‌లో వరస తిరగబడుతుంది. వీఎం వాటాలో లినక్స్ పెట్టేటప్పుడు మొదట మూడు చిన్న ఫైళ్లనే లోపలికి పంపుతారు. అదీ పాతకాలపు చిల్లుల కార్డుల రీడర్‌ను అనుకరించే పద్ధతిలో! మిగతా సరంజామా అంతా మామూలుగా నెట్‌వర్క్ ద్వారానే రావాలి. ఇల్లు కట్టాక రోడ్డు వేసుకుందామంటే ఇక్కడ కుదరదు. ఇటుకల బండి రావడానికే రోడ్డు కావాలి.

ఆ రోడ్డుకు ముందుగా కావలసింది పరికరాల సంఖ్యలు. మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డును లినక్స్ మూడు సంఖ్యలతో గుర్తుపడుతుంది. చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, అసలు సమాచారం నడవడానికి మరొకటి. చదివేది సరిసంఖ్య కావాలి, రాసేది దాని పక్కదే కావాలి అన్నది చాలాకాలం పాటించిన నియమం. ఇందులో ఒక్క అంకె తేడా వచ్చినా కార్డు పలకదు.

ఆ తర్వాత చిరునామా. పెదకాకానికి ఉత్తరం రావాలంటే ఇంటి నంబరు, వీధి, ఊరు, 522తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉండాలి కదా! ఐపీ అడ్రస్ ఇంటి నంబరులాంటిది. ఎంతవరకు మన వీధో చెప్పేది నెట్‌మాస్క్. వీధి దాటిన ఉత్తరాలు ఎవరికివ్వాలో చెప్పేది గేట్‌వే, అంటే మన పోస్టాఫీసు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టేది నేమ్‌సర్వర్.

అన్నీ సరిగ్గా రాసినా ఒక్కోసారి నెట్‌వర్క్ రాదు. 2003 నుంచి వీఎంలో ఉన్న వర్చువల్ స్విచ్ వాడుతుంటే, ఫలానా వాటాకు అనుమతి ఉందని యంత్రం నిర్వాహకుడు కూడా చెప్పాలి. గేటు దగ్గర వాచ్‌మన్‌కు పేరు చెప్పి ఉంచడం లాంటిది ఇది.

తప్పు జరిగితే తిప్పలు కూడా వింతగానే ఉంటాయి. నెట్‌వర్క్ లేనప్పుడు మిగిలేది కన్సోల్ ఒక్కటే. అది టైప్‌రైటర్‌లా వరసకో మాట చూపిస్తుంది. లినక్స్ వాడేవాళ్లకు అలవాటైన వీఐ ఎడిటర్ అక్కడ పనిచేయదు. వరసల వారీగా దిద్దే పాత పనిముట్లతోనే ఫైలు సరిచేసుకోవాలి.

ఇంట్లోనే మెయిన్‌ఫ్రేమ్

ఇదంతా నేర్చుకోవడానికి నిజమైన మెయిన్‌ఫ్రేమ్ ఉండాలా? అక్కర్లేదు. 1999లో రోజర్ బౌలర్ మొదలుపెట్టిన హెర్క్యులిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు పీసీనే మెయిన్‌ఫ్రేమ్‌లా నటింపజేస్తుంది. నత్తనడకే కానీ పాఠం మాత్రం అసలుదే. దీన్ని పెదకాకాని పక్కన నాగార్జున యూనివర్సిటీ హాస్టల్లోనైనా, ఊళ్లో ఇంట్లోనైనా పెట్టుకోవచ్చు.

హెర్క్యులిస్‌లో సాధారణంగా లినక్స్‌కూ పీసీకీ మధ్య ఒకే తీగ ఉన్నట్టు కలుపుతారు. కాబట్టి రెండు కొసల చిరునామాలూ ఇవ్వాలి. కొత్తవాళ్లు తరచూ మరిచిపోయేది ఒకటుంది. లినక్స్ నుంచి వచ్చిన సమాచారాన్ని బయటికి పంపమని పీసీకి చెప్పాలి. చెప్పకపోతే ఉత్తరం పోస్టాఫీసు దాకా వెళ్లి సంచీలోనే ఉండిపోతుంది.

నెట్‌వర్క్ రాకపోతే అన్నీ ఒకేసారి మార్చడం కన్నా వరసగా పింగ్ చేసుకుంటూ పోవడం మేలు. ముందు సొంత చిరునామా, తర్వాత అవతలి కొస, ఆపైన గేట్‌వే, చివరికి ఏదైనా వెబ్‌సైట్ పేరు. సమాధానం ఎక్కడ ఆగిపోతే లోపం అక్కడ ఉన్నట్టు. నంబరుకు పలికి పేరుకు పలకకపోతే తప్పు నేమ్‌సర్వర్‌ది.

అమీర్‌పేట తరం మెయిన్‌ఫ్రేమ్ నిపుణులు ఇప్పుడు నడివయసు దాటారు. వాళ్లకన్నా ముందు ఆ యంత్రాలను నడిపిన తరం పదవీ విరమణ చేసింది. యంత్రాలు మాత్రం బ్యాంకుల్లో పనిచేస్తూనే ఉన్నాయి. కొత్తవాళ్ల అవసరం ఉంది. హెర్క్యులిస్ మీద లినక్స్ నేర్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చేస్తుందని కాదు. కోబాల్, డేటాబేస్‌ల చదువు దాని దారిన అది ఉండనే ఉంది. కానీ పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే ముందు, ఈ పని తమ పిల్లలకు నచ్చుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకునే వీలు ఆనాటి తల్లిదండ్రులకు లేదు. ఈనాటి వాళ్లకు ఉంది. పాత పీసీ ఒకటి, సెలవుల్లో నాలుగు వారాలు, కాస్త ఓపిక ఉంటే చాలు.