నెలకి ఎన్ని రోజులు?

ఒక చిన్న లెక్క. నెలకి ఎన్ని రోజులు? ముప్ఫయ్యో, ముప్ఫయ్యొకటో అంటారు మీరు. చంద్రుణ్ణి అడిగితే అమావాస్య నుంచి అమావాస్యకి ఇరవై తొమ్మిదిన్నర అంటాడు. మా ఊళ్ళో పాలఖాతా అయినా, జీతగాడి జీతమైనా ఈ రెండు లెక్కల్లో ఏదో ఒకదాని మీదే నడుస్తుంది. 28 రోజుల నెల ఫిబ్రవరికి తప్ప ఇంకెవరికీ లేదు. ఉన్నది ఒక్క సెల్‌ఫోను కంపెనీలకే!

నవ్వులాటకి రాస్తున్నాననుకోకండి. ఈ లెక్క తేడా మా ఇంట్లో ఆరువేల రూపాయల పైచిలుకు మింగేసింది.

మాది మిర్చి పండించే ఊరు. కిందటేడు ధర లేక 30 టిక్కీలు గుంటూరులో కోల్డు స్టోరేజీకి ఎక్కించాం. "ధర వచ్చిన రోజున ఫోన్ చేస్తాను. నువ్వు ఊఁ అంటే అమ్మేస్తాను" అన్నాడు కమీషను వ్యాపారి. మా నాన్నది బొత్తాల ఫోను. తనుగా ఎవరికీ చెయ్యడు, వస్తే మాట్లాడతాడు. నెలకోసారి, ఒకటో తారీకున, బడ్డీకొట్లో రీఛార్జి చేయించుకోవడం ఆయన అలవాటు. జూన్ ఒకటిన చేయించాడు. జులైలో నారుమళ్ళ పనిలో పడి అయిదు రోజులు ఆలస్యమైంది. ఆయన లెక్కలో ఆలస్యం అయిదు రోజులే. కంపెనీ లెక్కలో ఎనిమిది! జూన్ 28తోనే వాళ్ళ నెల అయిపోయింది. ముందు చేసుకునే ఫోన్లు ఆపారు, ఆ సంగతి నాన్నకి తెలియనే తెలియదు. తర్వాత వచ్చే ఫోన్లు కూడా ఆపేశారు. ఆ పొద్దున్నే వ్యాపారి మూడుసార్లు చేశాడట. మూడుసార్లూ మోగలేదు.

నాలుగు రోజుల తర్వాత నాన్నే గుంటూరు వెళ్ళాడు. అప్పటికి క్వింటాలుకి 500 తగ్గింది.

"ఫోను బాగానే ఉందిరా అబ్బాయ్, దీపం వెలుగుతోంది గదా!" అన్నాడు నాకు చూపించి. ఏం చెప్పను?

నేను కస్టమరు కేరుకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఒక గొంతు. నొక్కాను. మళ్ళీ మొదటికే తెచ్చింది. ఇరవై నిమిషాలు పాట విన్నాక ఒక కుర్రాడు పలికాడు. "వాలిడిటీ అయిపోయింది సార్." తెలుసయ్యా, ముందుగా ఎందుకు చెప్పలేదు? "మెసేజి పంపాం సార్." మా నాన్నకి ఇంగ్లీషు రాదే! "సారీ సార్. ఇంకేమైనా సహాయం కావాలా సార్?" ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. మనలాగే డిగ్రీ ముగించి, ఎక్కడో కుర్చీలో కూర్చుని, ఎదురుగా రాసిపెట్టిన మాటలు చదువుతున్నవాడు. రేపు ఆ కుర్చీలో నేనే ఉండొచ్చు. కోపమల్లా ఆ మాటలు రాసిపెట్టి, తను మాత్రం ఎన్నడూ ఫోనెత్తనివాడి మీద. పూర్వం కరణం లెక్క తప్పు రాస్తే కనీసం ఆయన అరుగు ముందు నిలబడి అడగడానికి ఒక మనిషుండేవాడు. ఇప్పుడు ఎవరి గుమ్మంలో నిలబడాలి?

కంపెనీల పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. మన దేశంలో ఫోను ఖర్చు చాలా దేశాలకంటే తక్కువే. 2003 దాకా మనకొచ్చిన ఫోనుకి కూడా మనమే డబ్బు కట్టేవాళ్ళమని పెద్దవాళ్ళు చెబుతారు. టవర్లు ఊరికే నిలబడవు, నిజమే. కానీ నా గొడవ ధర గురించి కాదు. నెల అని నమ్మించి నాలుగు వారాలు ఇవ్వడం గురించి. 28ని 13తో హెచ్చవేయండి, 364 వస్తుంది. అంటే ఏడాదికి 12 నెలలు, 13 రీఛార్జీలు. రైతుకి డబ్బు చేతికొచ్చేది ఏడాదికి ఒకసారో రెండుసార్లో. ఆ పదమూడోది ఎక్కణ్ణించి తేవాలి?

మరి అడిగే దిక్కు లేదా? ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ, అదే ట్రాయ్, 1997లోనే పుట్టింది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా అదే తారీకున తిరగవేసుకునే ప్లాను ఒకటి కచ్చితంగా పెట్టాలని 2022 జనవరిలో ఆదేశించింది. డేటా అక్కర్లేని మా నాన్నలాంటివాళ్ళ కోసం మాటలకీ మెసేజీలకీ మాత్రమే పనికొచ్చే ప్యాకులు ఉండాలని 2024 డిసెంబరులో చెప్పింది. ఇవన్నీ మా బడ్డీకొట్లో ఎవరైనా చెప్పారా? లేదు. అడిగినవాడికి ఉంటుంది, అడగనివాడికి ఉండదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కానీ ఉన్నదని తెలియనివాడు ఏమని అడుగుతాడు?

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 28 రోజుల సంగతి నాకు తెలుసు. హాస్టల్లో కూర్చుని నా ఫోనుకి 84 రోజులది వేయించుకుని రోజుకింత డేటా అని సినిమాలు చూస్తున్నవాణ్ణి, నాన్న ఫోను ఎప్పుడు ఆగిపోతుందో ఒక్కసారి చూడలేదు. మన చదువులు మన గదుల గుమ్మం దాటడం లేదు మిత్రులారా!

అందుకే ఈ నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి. ఫిర్యాదుకి 198 కి చెయ్యాలి, దానికి డబ్బు పడదు. చెప్పి ఊరుకోకుండా డాకెట్ నంబరు అడిగి రాసుకోవాలి. అది లేకపోతే మన ఫిర్యాదు పుట్టనట్టే. వాళ్ళ జవాబు నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అథారిటీకి రాసుకోవచ్చు. రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. మరీ విసుగొస్తే నంబరు మార్చకుండానే కంపెనీ మార్చొచ్చు. ఈ వీలు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో పోర్ట్ అని రాసి, పక్కన నంబరు వేసి 1900 కి పంపితే సరి. వినియోగదారుల కోర్టు మెట్లు కూడా ఎక్కొచ్చు. టెలిఫోను తగాదాలు ఆ కోర్టులకి రావని 2009లో సుప్రీంకోర్టే ఒక తీర్పు ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో అదే సుప్రీంకోర్టు, ప్రైవేటు సెల్‌ఫోను కంపెనీ మీద వచ్చిన కేసులో, వినియోగదారుడు అక్కడికి వెళ్ళొచ్చని స్పష్టం చేసింది.

నూటయాభైకో రెండొందలకో ఎవడు తిరుగుతాడు అంటారా? కంపెనీల ధీమా అదే. ఒక్కడికి చిన్న మొత్తం, కోట్లమందికి కలిపితే కొండ. చీమలు కూడా విడివిడిగా నడిస్తే కాలికింద పడతాయి.

మన యూనియనుకి నాదొక విన్నపం. ఎన్నికలప్పుడు పోస్టర్లు అంటించాం, వార్షికోత్సవానికి పందిరి వేశాం. ఇకనుంచి వారానికొక సాయంత్రం యూనియను గదిలో ఒక బల్ల, ఒక రిజిస్టరు పెడదాం. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చే రైతులకీ, కూలీలకీ, ఈ ఊరి రిక్షావాళ్ళకీ ఫోను ఫిర్యాదులు మనమే రాసిపెడదాం. డాకెట్ నంబర్లు ఆ రిజిస్టర్లో ఎక్కిద్దాం. దానికి డబ్బక్కర్లేదు, ఉపన్యాసాలు అంతకంటే అక్కర్లేదు. ఒక పెన్ను, కాస్త ఓపిక చాలు.

నాన్న ఫోనుకి ఇప్పుడు 30 రోజుల ప్లాను వేయించాను. అయినా ఆయన రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "ఏరా, మోగుతోందా?" అని అడిగి పెట్టేస్తున్నాడు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పవలసింది నేను కాదు.

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి