పగటి నిద్రకు కాపలా ఎవరు?



రాత్రి పాళీ ముగించుకొని ఇల్లు చేరిన కార్మికుడు ఉదయం ఎనిమిదింటికి నడుం వాలుస్తాడు. అప్పటికే హైదరాబాద్ రోడ్డు మీద లారీల హారన్లు, సందులో టెంపోలు, గోడ అవతలి కార్ఖానాలో సాంచాల చప్పుడు. నిద్ర పడుతోందా అని అడిగితే మన సోలాపూర్ పూర్వ భాగంలో ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: "అలవాటైపోయిందన్నా."

నేనూ ఇరవై రెండేళ్లు ఆ మాటే అన్నాను. సాంచాల మధ్య నిలబడి చెవులు మందగించాయి. మామూలుగా మాట్లాడినా అరుస్తున్నానని నా భార్య అంటుంది. చెవి సంగతి తెలుస్తూనే ఉంది, రక్తపోటు సంగతి మాత్రం డాక్టరు చెప్పేదాకా తెలియలేదు. అది చప్పుడు వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. ఉప్పు, పొగాకు, వయసు కూడా ఉన్నాయి కదా. కాని అలవాటు అన్న మాటను ఇక నమ్మను.

ఎందుకంటే అలవాటు పడేది మనసే, గుండె కాదు. లండన్, ఏథెన్సు, మిలన్, స్టాక్‌హోమ్ విమానాశ్రయాల దగ్గర నివసించే 140 మందికి రాత్రంతా రక్తపోటు కొలిచి, ఆ ఫలితాలను 2008లో ప్రకటించారు. విమానం పోయినప్పుడల్లా, మనిషి మేలుకోకపోయినా, నిద్రలోనే రక్తపోటు పెరిగింది. రోడ్డు మీద బండి పోయినా అంతే. చప్పుడును ఒళ్లు ప్రమాదంగానే తీసుకుంటుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగితే గుండెజబ్బుకు దారి తీస్తుంది.

పిల్లల మాట ఇంకా బాధాకరం. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1992లో పాత విమానాశ్రయం మూసి, వేరేచోట కొత్తది తెరిచారు. రెండుచోట్లా బడిపిల్లలను ముందూ వెనకా పరీక్షించారు. చప్పుడు ఆగినచోట పిల్లల చదువు, జ్ఞాపకశక్తి మెరుగుపడ్డాయి. కొత్తగా మొదలైనచోట తగ్గాయి. రోడ్డువారన ఇంట్లో తల్లి బీడీలు చుడుతూ ఉంటే ఆ పక్కనే కూర్చొని చదివే మన పిల్లలకు మందబుద్ధి అని పేరు పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించరాదు. తేడా చూడటానికి చిన్నదే గాని శబ్దశక్తి లెక్కలో అది పదింతలు. రాత్రి అంటే 10 నుండి ఉదయం 6 దాకా. ఆ వేళ నివాస ప్రాంతంలో హారన్ కూడా నిషేధమే. (అమలు ఎంత ఉందో మీకు చెప్పనక్కరలేదు.) నిద్రపోయే మనిషికి రక్షణ కావాలని చట్టం ఒప్పుకుందన్నమాట. కాని తెల్లవార్లూ సాంచా దగ్గర నిలబడినవాడికి రాత్రి మొదలయ్యేదే ఉదయం ఎనిమిదికి. వాడి నిద్ర ఏ నిబంధనలోనూ లేదు.

చప్పుడుతో వచ్చే చెవుడును 1948 ఫ్యాక్టరీల చట్టం వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. పోయిన నిద్రకు, పెరిగిన రక్తపోటుకు ఏ జాబితాలోనూ చోటు లేదు. యాజమాన్యంతో కూలి రేటు గురించి, బోనస్ గురించి గంటలకొద్దీ మాట్లాడాం, దీని గురించి ఒక్క రోజూ మాట్లాడలేదు. ఆ తప్పు యూనియన్‌ది, అంటే నాది కూడా.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఊరేగింపుల్లో డీజే పెట్టెలు పెట్టించేది యాజమాన్యం కాదు, మనమే. ఆ రోజు కూడా ఎవరో ఒకరు రాత్రి పాళీ చేసి వచ్చి పడుకొనే ఉంటారు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు కోర్కెలు పెడుతున్నాను. కార్మికుల సందుల్లోకి ఉదయం 8 నుండి మధ్యాహ్నం 2 దాకా బరువు బండ్లు రాకుండా కార్పొరేషన్ ఆపాలి. మన బడుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాలి. ఇళ్లను ఆనుకొని ఉన్న కార్ఖానాల్లో సాంచాల కింద రబ్బరు దిమ్మలు యజమానులే వేయించాలి. రాత్రి పాళీ చేసే సభ్యులు రోజుకు ఎన్ని గంటలు పడుకోగలిగారో, దేనివల్ల మెలకువ వచ్చిందో ఒక నెలపాటు కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వండి. రాయడం రానివారు వచ్చి చెబితే మేమే రాసుకుంటాం.