తోవ చెప్పే తెర

మా యింటికి కొత్త కారు వచ్చి మూడు వారాలయింది. కారు వచ్చిందనడం కంటే తెర వచ్చిందంటే సబబేమో! అమ్మిన అబ్బాయి ఇంజను గురించి రెండు ముక్కలు చెప్పి, పది అంగుళాల తెర ముందు మమ్మల్ని అరగంట కూర్చోబెట్టాడు. పాటలు అందులోనే, ఫోను అందులోనే, చల్లగాలి అందులోనే. పాత కారులో గాలి తగ్గించాలంటే చేత్తో తడిమి బుడిపె తిప్పితే సరిపోయేది. కళ్ళు రోడ్డుమీదే వుండేవి. ఇప్పుడు తెరలో ఫ్యాను బొమ్మ వెతికి, దాన్ని నొక్కి, వచ్చిన గీతను వేలితో జరపాలి.

“ఇహ తోవ తెలియదన్న మాటే లేదు,” అన్నారు మావారు. పెళ్ళయిన ముప్ఫై యేళ్ళలో తోవ తెలియదని ఆయన యెన్నడూ వొప్పుకున్న పాపాన పోలేదు. ఆ సంగతి వేరు.

తెరకు మొదటి పరీక్ష మా చిన్నత్తగారి వల్ల వచ్చింది. ఆవిడ వుండేది పాతబస్తీలో, గౌలీపురాలో. మామూలుగా ఆవిడే ఆటో యెక్కి మా యింటికి వస్తుంది. ఆవేళ ఆవిడకు కంటి శుక్లం ఆపరేషను. ఎనిమిదింటికల్లా ఆసుపత్రిలో వుండాలి. ఆలస్యమయితే మళ్ళీ వారం దాకా ఆగాలన్నారు. ఆ వయస్సులో, ఆ చూపుతో, వారమంటే మాటలా?

నారాయణగూడాలో ఆరున్నరకు బయల్దేరాం. ఇరవై నాలుగు నిమిషాలే అంది తెర. మా అమ్మాయి దానికి తెలుగు నేర్పింది గనుక, “ఎడమవైపుకు తిరగండి” అంటూ బళ్ళో పంతులమ్మలా చెబుతోంది. అఫ్జల్‌గంజ్ దాటి నయాపుల్ మీదుగా మూసీ దాటాం. 1591లో కట్టిన చార్మినారు చుట్టూ యిప్పుడు బళ్ళు తిరగనివ్వరు గదా, ఆ సంగతి దానికి తెలుసు. మీరాలంమండీ వైపు తిప్పి, ఏతెబార్ చౌక్, మొఘల్‌పురా మీదుగా చక్కగా తీసుకుపోయింది. మావారు నా వంక గర్వంగా చూశారు, ఆ తెరను తామే కన్నట్టు!

ఇంతలో కారంతా మారుమోగేలా ఫోను మోగింది. పటం మీద “పిన్ని” అని అక్షరాలు పడ్డాయి. కింద తోవ కనబడకుండా పోయింది. “వచ్చేస్తున్నాంగా!” అని మావారు ఎర్ర గుర్తు నొక్కారు. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కారు.

“కుడివైపుకు తిరగండి” అంది తెర. తిరిగాం. నాలుగు బారల వెడల్పున్న గల్లీ పది యిళ్ళు దాటేసరికి రెండు బారలయింది. ఒక యింటి మెట్లు గల్లీలోకి వచ్చాయి. వాటి యెదురుగా స్కూటరు నిలబెట్టారు. కారు నలువైపులా కీచుకీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఏ మూల తగులుతుందోనని మావారు తెరలోకి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే బన్ను చేత్తో పట్టుకొని నాలుగేళ్ళ పిల్లవాడు గుమ్మంలోంచి ఉరికాడు.

నేను అరిచిన అరుపుకు మావారి కాలు బ్రేకు మీద పడింది. వాడికీ కారుకీ మధ్య జానెడు లేదు. వాడి తల్లి పరుగెత్తుకొచ్చి వాణ్ణి యెత్తుకొంది. మమ్మల్ని వొక్క మాట అనలేదు, అంటేనే బాగుండేది. మావారి చేతులు వణికాయి.

పక్కనున్న టీకొట్టు పెద్దాయన వచ్చి, “ఇందులకెల్లి ఆటోనే కష్టంగ పోతది, గింత పెద్ద కారెట్ల పోతదమ్మా? వెనకకు తీసి రాగిచెట్టు కాడికి పోండ్రి” అన్నాడు. వెనక్కి తీయడానికి తెరలోని బొమ్మ యెంతో సాయం చేసింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

రాగిచెట్టు కింద అరుగుమీద చిన్నత్తగారు సంచీతో, కర్రతో కూర్చుని వుంది. “ఆ గల్లీలోకి కారు రాదురా నాయనా, నేనే బయటికొస్తా, చెట్టు దగ్గర ఆగమని చెబుదామంటే ఫోను ఎత్తవేం?” అంది. మసక చూపుతో, గోడ పట్టుకొంటూ, రెండు మలుపులు ఒంటరిగా నడిచి వచ్చిందావిడ. మావారు మాట్లాడలేదు.

తప్పు తెరదా, మాదా అని తరవాత ఆలోచించాను. ఇరవై వేల కిలోమీటర్ల యెత్తున తిరిగే ఉపగ్రహాలు కనీసం నాలుగింటి నుంచి సంకేతాలు వచ్చిన వేళను బట్టి మనం యెక్కడున్నామో కారు లెక్క కడుతుంది. యెక్కడున్నామో చెబుతాయి గాని, ఆ గల్లీ యెంత వెడల్పో ఉపగ్రహాలకేం తెలుస్తుంది? అది పటం గీసినవాళ్ళకు తెలియాలి. 1908 మూసీ వరద తరవాత, 1912 ప్రాంతాల లియొనార్డ్ మన్ ఆధ్వర్యాన మనుషులు యీ నగరాన్ని కొలిచి, ఇళ్ళూ గల్లీలూ కాగితాల మీద గీశారు. ఇరుకు దారులనుంచి కార్లను తప్పించే యేర్పాటు చేస్తున్నామని గూగుల్ వారు 2024 జూలైలో యెనిమిది నగరాల పేర్లు చెప్పారు. అందులో హైదరాబాదూ వుంది. అయితే అన్ని కార్లలోనూ వొకే పటం వుండదు. 2024 నవంబరులో బరేలీ దగ్గర పటం చూపిన దారినే పోతూ, పూర్తికాని వంతెన మీదనుంచి కారు పడి ముగ్గురు పోయారన్న వార్త మీరూ చదివే వుంటారు.

అందుకని మా యింట్లో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. కొత్త కారు కొన్న చెల్లెళ్ళకు పనికొస్తాయని రాస్తున్నాను. వెళ్ళవలసిన చోటు కారు కదలకముందే తెరలో పెట్టాలి. కదిలాక తెర ముట్టుకునే హక్కు పక్క సీటువారిదే. ఇరుకు వీధిలో చెవులు తెరకు, కళ్ళు దారికి. వెళ్ళే యింటివారికి ముందే ఫోను చేసి, కారు యెంతవరకు వస్తుందో అడగాలి. వాళ్ళు చేస్తే పక్కవారు పలకాలి. మరొకటి: మన ఫోనులోని పేర్లూ నెంబర్లూ కారులో దిగిపోతాయి. కారు అమ్మేటప్పుడు వాటిని తుడిచి మరీ ఇవ్వాలి.

ఆసుపత్రికి పది నిమిషాలు ఆలస్యంగా చేరాం. దయగల డాక్టరు, లోపలికి తీసుకున్నారు. ఆపరేషను బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో చిన్నత్తగారు ముందు సీట్లో కూర్చుని, ఒక కంటికి కట్టుతోనే, “ఆ కిరాణా కొట్టు దాటాక తిప్పు” అని చెబుతూ వచ్చింది. తెర యేదో అనబోతే, “దీనికి నోరెక్కువే!” అంది.

మా అమ్మాయి ఆ రాత్రే పటంలో “చిన్న నాయనమ్మ” అని వొక గుర్తు పెట్టింది, ఇంటి దగ్గర కాదు, రాగిచెట్టు దగ్గర. ఇప్పుడు తెర మమ్మల్ని అక్కడిదాకా తీసుకుపోతుంది. అక్కడినుంచి నడిచిపోతాం. మొన్న వెళ్ళినప్పుడు మావారు బన్నుల పొట్లం ఒకటి కొని, దారిలో ఆ గుమ్మం ముందు ఆగారు.