స్టిక్కర్ కింద స్క్రూ ఎవడి జాగీరు?



పోయిన సంవత్సరం మే నెల. గూడూరు ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, మధ్యాహ్నం నిమ్మకాయల మార్కెట్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. అట్లాంటి ఒక మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయ్యి ఇంటికొస్తే, మా ఆపా కొడుకు గడప మీద కూర్చోని ఉన్నాడు. ఒళ్ళో గేమింగ్ ల్యాప్‌టాప్, మొహంలో మాత్రం రంగు లేదు.

"మామూ, గరం హోకే బంద్ హో రా. పావుగంట కూడా నడవట్లేదు."

ఆ ల్యాప్‌టాప్ ధర 72 వేలు. ఆపా గాజులు రెండు తాకట్టులో ఉన్నాయి. 'గేమింగ్' అనే మాట వినగానే మన పెద్దవాళ్ళు "షైతాన్ డబ్బా" అని తీర్పు చెప్పేస్తారు. వాడు ఆడడా అంటే ఆడతాడు, అబద్ధం చెప్పను. కానీ వాడు చదివేది యానిమేషన్. బొమ్మల్ని రెండర్ చెయ్యాలంటే మంచి గ్రాఫిక్స్ చిప్ కావాలి, అది మామూలు ల్యాప్‌టాప్‌లో ఉండదు. అది వాడి రోజీకి వేసుకుంటున్న బునియాది.

మా ఊళ్ళో ఆ కంపెనీకి సర్వీస్ సెంటర్ లేదు. ఒక పెద్ద ఊరికి బస్సెక్కి పోయాడు. అక్కడి మనిషి ల్యాప్‌టాప్ తిరగేసి, ఒక స్క్రూ మీద చిరిగిన చిన్న స్టిక్కర్ చూపించాడు. "ఓపెన్ చేశారు. వారంటీ పోయింది." మావాడు ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందో లేదో చూద్దామని నెల ముందు మూత తీసిన మాట నిజం. చూశాడు, మూసేశాడు, అంతే. వారంటీకి ఇంకా రెండు నెలలుంది. లోపల ఏమైందో తెరిచి చూడకుండానే కాగితం రాసిచ్చారు: మదర్‌బోర్డు మార్చాలి, 38 వేలు.

72 వేల వస్తువుకు 38 వేల మరమ్మతు! మజ్బూరీలో ఉన్నవాణ్ణి చూసి చెప్పే ధర ఇట్లనే ఉంటుంది.

ఆ సాయంత్రం వాణ్ణి మా బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. నాలుగడుగుల దుకాణం. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు, ముందు మూడు సవాళ్ళు అడిగాడు. ఆగిపోతుందా, ఆగి మళ్ళీ తనంతట తానే లేస్తుందా? చార్జర్ మీదా, బ్యాటరీ మీదా, రెండింటి మీదా? ఏ జాగాలో పెట్టి వాడతావు?

మూడో సవాల్‌కి మావాడు తల దించుకున్నాడు. పరుపు మీద! గాలి పీల్చే రంధ్రాలన్నీ ల్యాప్‌టాప్ కిందే ఉంటాయి. పరుపు మీద పెడితే ముక్కు మూసినట్టే.

వేడి చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే ప్రాసెసర్ ఐదు నిమిషాల్లో 98 డిగ్రీలకు పోయింది. మూత తీశాడు. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టాడు, లోపల మిగిలిన కరెంటు పోవాలి గదా. ఫ్యాన్ విప్పితే, ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము నమ్దా లాగా పరుచుకోని ఉంది. ప్రాసెసర్ మీద పేస్టు ఎండి సుద్దపొడి అయింది. ఆ పేస్టు పని చిప్‌లో పుట్టిన వేడిని రాగికి అందించడమే. అది ఎండితే వేడికి దారి లేదు. దారి లేని వేడి పెరిగి పెరిగి, చిప్ తన ప్రాణం కాపాడుకోవడానికి మిషన్‌నే ఆపేస్తుంది. అంటే ల్యాప్‌టాప్ ఆగిపోవడం జబ్బు కాదు, అది తనను తాను కాపాడుకునే తీరు. దాన్ని చూసి బోర్డు మార్చమనడం, జ్వరమొచ్చినోడికి తల మార్చమన్నట్టుంది.

ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోని దుమ్ము ఊదాడు. ఊరికే ఊదితే ఫ్యాన్ అడ్డగోలుగా తిరిగి బేరింగ్ పాడవుతుందట. కొత్త పేస్టు పూశాడు. మళ్ళీ అదే పరీక్షలో ఎనభై దాటి నాలుగైదు డిగ్రీల దగ్గర నిలిచింది. తీసుకున్నది 800 రూపాయలు.

అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. డబ్బా మీద '8 జీబీ' అని పెద్ద అక్షరాలున్నాయి. లోపల రెండు స్లాట్లుంటే ఒకదాంట్లోనే ర్యామ్ పెట్టి పంపారు. రెండు పలకలుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో సమాచారం లాగుతుంది. ఒకటే ఉంటే రెండు దారుల రోడ్డులో ఒకదాన్ని ముళ్ళకంప వేసి మూసినట్టే. ఆట తడబడేదీ, రెండర్ నత్తనడక నడిచేదీ కొంతవరకు అందుకే. ఈ ముక్క అమ్మేవాడు ఒక్కడూ చెప్పడు.

ఇంకో 8 జీబీ పలక 1,900 పెట్టి తెప్పించాం. పెట్టి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా నిలబడింది. మావాడి గుండె ఆగినంత పనైంది. "సబర్ కరో బేటా" అన్నాడు ఉస్తాద్. కొత్త ర్యామ్ పెట్టిన మొదటిసారి మిషన్ దాన్ని కొలుచుకోని, వేగం కుదుర్చుకోని లేస్తుంది. కొత్త రకాల్లో అది నిమిషాలు కూడా పడుతుంది. ఆ నిమిషంలో ఖంగారుపడి పవర్ లాగేవాళ్ళే ఎక్కువ. లోగో వచ్చింది. షుకర్ అల్లా!

కథ అయిపోలేదు. మర్నాడు ఆట మధ్యలో నీలం తెర. మావాడు విండోస్ మళ్ళీ ఎక్కిద్దామన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "ఏక్ టైమ్ పే ఏక్ హీ చీజ్ బదల్. రెండు మారిస్తే తప్పు దేనిదో ఖుదాకే తెలుస్తుంది" అన్నాడు. పాత పలక ఒక్కదానితో రాత్రంతా మెమరీ పరీక్ష పెట్టాడు, ఒక్క తప్పు లేదు. కొత్త పలకను అదే స్లాట్‌లో పెడితే పావుగంటకే ఎర్ర గీతలు. స్లాట్ బాగుంది, బోర్డు బాగుంది, పలకదే దోషం. అమ్మినవాడు మార్చి ఇచ్చాడు. ఆ ల్యాప్‌టాప్ ఇవాళ్టికీ నడుస్తోంది, 38 వేలు అడిగిన అదే మదర్‌బోర్డు మీద.

ఇప్పుడు నా సవాల్. స్టిక్కర్ కింద ఉన్న ఆ స్క్రూ ఎవడి జాగీరు? డబ్బు మాది, కిస్తు మాది, తాకట్టులో గాజులు మావి. స్క్రూ మాత్రం కంపెనీదా?

మా చిన్నప్పుడు అబ్బాజాన్ దగ్గరికి మరమ్మతుకొచ్చే పాత రేడియోల్లో కొన్నింటి వెనక అట్ట విప్పితే, లోపల సర్క్యూట్ బొమ్మే అంటించి ఉండేది. చెడిపోతే ఇదిగో, ఇట్లా చూసి బాగుచెయ్యి అని. రేడియో చేసినవాడు మిస్త్రీకి రాసిన జాబు అది. ఇవాళ అదే జాగాలో "విప్పితే వారంటీ చెల్లదు" అనే ధమ్కీ ఉంది.

ఈ ధమ్కీకి వేరే దేశాల్లో జవాబు దొరికింది. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ప్రకారం, ఫలానా వాడి పార్టే వాడాలి, ఫలానా వాడి దగ్గరే చేయించాలి అని వారంటీని ముడిపెట్టడం కుదరదు. 2024 జులైలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, సరిగ్గా ఈ గేమింగ్ సామాను అమ్మే అస్‌రాక్, జోటాక్, గిగాబైట్ కంపెనీలకు ఈ స్టిక్కర్ల విషయంలోనే హెచ్చరిక లేఖలు పంపింది. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ మీద 'మరమ్మతుకు ఎన్ని మార్కులు' అని పదికి లెక్కగట్టి రాయాలి.

మన దగ్గరా ఏమీ లేదని కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల జుర్మానా వేసింది. బయటి మెకానిక్కులకు స్పేర్ పార్టులు, పరీక్ష పరికరాలు అందకుండా చేసినందుకు! అంటే మిస్త్రీని ఆకలితో చంపడం వ్యాపారం కాదు, నేరం అని ఈ దేశంలోనే ఒక ఫైసలా ఉంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేసింది. ఆ డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. 2025 మేలో మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు మార్కుల నివేదిక కూడా వచ్చింది. కమిటీ, పోర్టల్, నివేదిక అన్నీ ఉన్నాయి. సర్వీస్ సెంటర్ బల్ల మీద కొట్టి చూపించడానికి చట్టం మాత్రం లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమలైన ఈ-వేస్ట్ నియమాలు కంపెనీల మీద రీసైక్లింగ్ బాధ్యత పెట్టాయి. మంచిదే. అంటే ల్యాప్‌టాప్ చచ్చాక దాని కఫన్‌కి హిసాబ్ ఉంది. బతికుండగా వైద్యానికే లేదు.

ఎదుటివాళ్ళ మాట కూడా వినాలి, అది ఇన్సాఫ్. "లిథియం బ్యాటరీ ప్రమాదం" అంటారు. నిజమే, ఉబ్బిన బ్యాటరీని గుచ్చితే మంటలొస్తాయి. అయితే జవాబు మాన్యువల్ ఇవ్వడం, అసలు బ్యాటరీ దొరికేట్టు చెయ్యడం. దొరక్కపోతే కుర్రాడు నకిలీది కొంటాడు, ప్రమాదం అప్పుడే వస్తుంది. "పల్చగా, వేగంగా ఉండాలంటే ర్యామ్ బోర్డుకే అతికించాలి" అంటారు. దానికి జవాబుగా విప్పి మార్చుకునే కొత్త రకం పలకకు 2023 డిసెంబర్‌లోనే ప్రమాణం వచ్చింది. దాంతో ల్యాప్‌టాప్‌లు 2024లో బజారుకు కూడా వచ్చాయి. అంటే కుదరక కాదు, చాలామందికి మనసు లేక.

ర్యామ్ ధరలు చూస్తున్నారు గదా. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా మింగేస్తుంటే, మైక్రాన్ కంపెనీ మనలాంటివాళ్ళు కొనుక్కునే 'క్రూషల్' బ్రాండునే మూసేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. ఇట్లాంటి కరువులో స్లాట్‌లో ఉన్న పలక తీసి తమ్ముడి ల్యాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు. బోర్డుకు అతికించింది బోర్డుతోనే దఫన్.

ఇక మన ఇంటి సంగతి. మన గల్లీల్లో హునర్‌కి ఇజ్జత్ మనమే ఇవ్వం. మిస్త్రీ, దర్జీ, పంచర్ అంటూ బయటివాళ్ళు ఎగతాళి చేస్తే రోషపడతాం. పెళ్ళి సంబంధం దగ్గర "అబ్బాయి రిపేర్ షాపు" అంటే మనమే మొహం తిప్పుకుంటాం. ప్రవక్త (స) తన చెప్పులు తానే కుట్టుకున్నారని బయాన్‌లో విని తలలూపుతాం, బయటికొచ్చి చెప్పులు కుట్టేవాడితో ఐదు రూపాయలకు గీచిగీచి బేరమాడతాం. ఇస్రాఫ్ హరామ్ అంటాం. 800తో బాగయ్యే వస్తువును పారేసి కొత్తది కొంటే అది ఇస్రాఫ్ కాదా?

మిస్త్రీ భాయిలకు కూడా ఒక మాట. మీ చేతిలో పెట్టిన మిషన్ అమానత్. మంచి ర్యామ్ తీసి పాతది పెట్టేవాళ్ళు, లిక్విడ్ మెటల్ ఉన్న చిప్‌ని చూసుకోకుండా గీకి బోర్డు కాల్చేవాళ్ళు మనలో లేరా? వాళ్ళ వల్లే కంపెనీ స్టిక్కర్‌కి బలం. మదీనా బజారులో ధాన్యం రాశిలో ప్రవక్త (స) చేయి పెడితే లోపల తడి తగిలిన ఘటన అందరికీ తెలుసు. తడిసింది పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. ఆ సవాల్ ఒక్క ర్యామ్ పలకతో డబ్బా అమ్మే కంపెనీకీ వర్తిస్తుంది, మన నాలుగడుగుల దుకాణానికీ వర్తిస్తుంది.

కొనేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. కొనేముందు అడగండి: ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఖాళీ ఎన్ని, ఎస్‌ఎస్‌డీకి రెండో జాగా ఉందా, ఏ కొలతది? జవాబు రాకపోతే కొనకండి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది, బలవంతం చెయ్యకండి. తెరిచే ముందు బిట్‌లాకర్ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే మీ ఫైళ్ళకు మీరే పరాయివాళ్ళు. విప్పకముందు స్క్రూల ఫోటో తీయండి, అన్నీ ఒకే పొడవు ఉండవు. స్టిక్కర్ పేరు చెప్పి వారంటీ కాదంటే, తెరవడం వల్ల ఏ భాగం ఎట్లా పాడైందో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే 1915కు ఫోన్ చెయ్యండి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మావాడికి ఆరోజు ఈ ముక్క తెలీదు, నాకూ తెలీదు. తలొంచుకోని బస్సెక్కి వచ్చేశాడు.

ఆపా గాజులు రెండూ ఇంటికొచ్చాయి, అల్‌హమ్దులిల్లా. ఆ 38 వేలు కట్టి ఉంటే అవి ఎక్కడుండేవో మీకు వేరే చెప్పక్కర్లేదు. మావాడిప్పుడు సెలవు రోజుల్లో ఉస్తాద్ దుకాణంలో షాగిర్ద్. మొన్న పోతే ఎవరిదో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకోని, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి అడుగుతున్నాడు: "ఏ జాగాలో పెట్టి వాడతావన్నా?"

ఖుదా హాఫిజ్.