పట్నాన్ని నిలిపేది పల్లే

థాయిలాండు రాజధాని బ్యాంకాకులో ట్యాక్సీలు తోలేవారు, మేడలు కట్టే కూలీలు చాలామంది ఈశాన్యాన ఉన్న ఇసాన్ పల్లెలవారే. వారి వెంటే వారి తిండీ పట్నం చేరింది. పచ్చి బొప్పాయి కోరు, మిరపకాయలు రోట్లో దంచి చేసే 'సోం తాం', జిగురు బియ్యపు అన్నం నేడు ఆఫీసు ఉద్యోగులకూ ప్రీతే. మన సంక్రాంతి మాటే అక్కడ 'సోంక్రాన్' అయింది. ఏప్రిల్ 13న వచ్చే ఆ పండుగకు వీరంతా ఊళ్లకు పోతే నగరం బోసిపోతుంది.

1997లో బాత్ విలువ పడిపోయి పనులు ఆగినప్పుడు ఎందరో కూలీలకు కూడు పెట్టింది ఊళ్లోని వరిచేలే. 2020లో కరోనా నాడూ అంతే. పట్నం పొమ్మంది, పల్లె రమ్మంది. అలాంటి పల్లెకు సాగునీరు, గిట్టుబాటు ధర ఇవ్వడం దయ కాదు, బాకీ తీర్చడం. ఏ దేశపు పాలకులైనా ఈ సంగతి మరువరాదు.