మైపాడు బీచ్‌కి వెళ్లేటప్పుడు సరే.. తిరిగొచ్చేటప్పుడు బండి ఎవరు నడుపుతున్నారు?

ఆదివారం వచ్చిందంటే చాలు.. నెల్లూరు మైపాడు గేటు సెంటర్ నుంచి బైకులు బారులు తీరతాయి. ఇందుకూరుపేట మీదుగా ఇరవై కిలోమీటర్లకు పైగా వెళ్తే మైపాడు బీచ్. కాలేజీ కుర్రాళ్లకు ఇంతకన్నా దగ్గర్లో సముద్రం లేదు, ఇంతకన్నా చౌకైన సరదా కూడా లేదు. వెళ్లేటప్పుడు పెద్దగా సమస్య ఉండదు. అసలు టెన్షన్ అంతా చీకటి పడ్డాక మొదలయ్యే తిరుగు ప్రయాణంతోనే.

ఈ రోడ్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పక్కనే రొయ్యల గుంటలు, పంట కాలువలు. రాత్రిళ్లు రొయ్యల లోడుతో వెళ్లే వాహనాలు. కోతల సీజన్ వస్తే రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు, వాటికి కాపలాగా పెట్టిన రాళ్లు. మందు తాగనివాడే ఆచితూచి నడపాల్సిన దారి ఇది. బీరు తాగినవాడు, వెనక ఇద్దరిని ఎక్కించుకుని, హెల్మెట్ లేకుండా వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. దేశంలో రోడ్డు ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్యే అని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. బీచ్ నుంచి ఇంటికి బయల్దేరే టైమ్ కూడా సరిగ్గా అదే.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఏపీలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. గేరు బండి లైసెన్స్ మాత్రం 18కే వస్తుంది. ఈ మధ్యలో ఉన్న మూడేళ్లే డిగ్రీ, బీటెక్ చదివే వయసు. అంటే తాగి బండి నడుపుతూ దొరికే విద్యార్థుల్లో చాలామంది విషయంలో తప్పు రెండుసార్లు జరిగినట్టు. ఒకటి వాడు బండి తీయడం, రెండోది వాడికి ఎవరో సీసా అమ్మడం. మొదటి తప్పుకు కేసు పడుతుంది. రెండో తప్పు ఎవరిదని అడిగే వాళ్లే కరువు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటకూడదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి మొదటిసారి దొరికితే రూ.10 వేల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే రూ.15 వేలు, రెండేళ్లు. అంతకుముందు మొదటి తప్పుకు జరిమానా రూ.2 వేలే. తాగి నడిపితే లైసెన్స్ కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది.

మరి ఇంత శిక్ష ఉన్నా భయం ఎందుకు లేదు? కారణం సింపుల్. ఆ పది వేలు కట్టేది కుర్రాడు కాదు, వాళ్ల నాన్న. రొయ్యల గుంట కౌలుకు తీసుకున్న రైతుకో, నెల్లూరులో చిన్న షాపు నడిపేవాళ్లకో అది చిన్న మొత్తం కాదు. కానీ తాగినవాడి జేబులోంచి పోయేదేమీ లేదు. వాడికి నిజంగా నొప్పి పుట్టేది బండి తాళం, లైసెన్స్ పోయినప్పుడే. జరిమానా కట్టించి పంపేసే చోట ఆ నొప్పి వాడిదాకా చేరదు.

ఇక కాలేజీల్లో జరిగే అవగాహన సదస్సులు. ఏటా రోడ్డు భద్రత కార్యక్రమాలు వస్తాయి.. ర్యాలీ, ప్రతిజ్ఞ, వేదిక మీద అధికారులు, సెల్ఫీలు. మంచిదే, కాదనలేం. అయితే ఫలితం ఎంత? స్కూళ్లలో ఇచ్చే డ్రైవింగ్ పాఠాలపై జరిగిన అధ్యయనాలను కోక్రేన్ సంస్థ సమీక్షించింది. వాటివల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. పాఠం విన్నవాడికి విషయం తెలుస్తుంది, నిజమే. కానీ రాత్రి ఎనిమిదింటికి, నలుగురు ఫ్రెండ్స్ మధ్య, 'నాకేం ఎక్కలేదురా' అనే క్షణంలో ఆ పాఠం గుర్తుకు రాదు.

పనిచేస్తున్నది ఏదైనా ఉందంటే అది రోడ్డు మీద తనిఖీనే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1982 డిసెంబర్‌లో ఎవరినైనా, ఎక్కడైనా ఆపి ఊదించే పద్ధతి మొదలుపెట్టింది. అనుమానం వచ్చినవాళ్లనే కాదు, అందరినీ. రోడ్డు మరణాలు గట్టిగా తగ్గాయి. అక్కడ ఫలితం తెచ్చింది శిక్ష ఒక్కటే కాదు, 'ఈ రోజు నన్ను ఆపుతారు' అన్న నమ్మకం. ఆ నమ్మకం మన రోడ్ల మీద డిసెంబర్ 31న మాత్రమే ఉంటుంది. మిగతా రోజుల్లో చెకింగ్ ఎక్కడో ఒక చోట పెడతారు, పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపుల్లో కబురు వెళ్లిపోతుంది, బండ్లు సందు దారి పట్టేస్తాయి. నెల్లూరులోకి వచ్చాక మైపాడు గేటు దగ్గర ఊదిస్తే ఏం లాభం? ప్రమాదం ఉన్న ఇరవై కిలోమీటర్లు అప్పటికే దాటేసి ఉంటాడు. తనిఖీ ఉండాల్సింది బీచ్ నుంచి బయటికొచ్చే దారిలో, బండి స్టార్ట్ చేసే చోట. అక్కడైతే తాళం తీసుకుని ఆపేయొచ్చు, కేసు సంగతి తర్వాత.

హైదరాబాద్ అనుభవం ఇక్కడ చూడాలి. 2011 నుంచి అక్కడ డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు పద్ధతిగా నడుస్తున్నాయి. దొరికినవాళ్లు గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ కేంద్రానికి ఇంట్లోవాళ్లతో కలిసి కౌన్సెలింగ్‌కు రావాలి. అమ్మానాన్నల పక్కన కూర్చుని ప్రమాదాల వీడియోలు చూడటం కుర్రాళ్లకు జరిమానా కంటే కష్టం. అయినా 2016 జులైలో పంజాగుట్టలో ఏం జరిగింది? బార్‌లో తాగి బయల్దేరిన ఇంజినీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ దాటి ఓ కుటుంబం ప్రయాణిస్తున్న కారు మీద పడింది. స్కూలుకెళ్లే చిన్నారి, ఆమె కుటుంబీకులు ప్రాణాలు కోల్పోయారు. వయసు చూడకుండా మద్యం ఎలా పోశారన్న ప్రశ్న అప్పుడే రాష్ట్రమంతా వినిపించింది. కొన్నాళ్లు హడావుడి, తర్వాత మామూలే.

విశాఖలో 2023లో ఇంకో ప్రయోగం చేశారు. తాగి దొరికిన పదుల మందితో కోర్టు ఆర్కే బీచ్ శుభ్రం చేయించింది. మైపాడులో ఇలాంటిది చేస్తే? తాగి పారేసిన సీసాలు తనే ఏరుకోవాల్సి వస్తే, అదీ ఊరంతా చూస్తుండగా.. పది వేల చలానా కంటే ఎక్కువ రోజులు గుర్తుంటుందేమో.

ఇక సరుకు ఎక్కడి నుంచి వస్తోంది? 2024 అక్టోబర్ నుంచి ఏపీలో మద్యం దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. రూ.99 క్వార్టర్ కూడా వచ్చింది. విద్యార్థి పాకెట్ మనీకి అందే రేటు ఇది. హైవేల పక్కన షాపులు ఉండకూడదని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జాతీయ, రాష్ట్ర రహదారులకే పరిమితం. పల్లె రోడ్లకు, బెల్టు షాపులకు అది అడ్డు కాదు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి రాష్ట్రాన్నే కదిలించిన జిల్లా ఇది. ఇక్కడ 21 లోపు కుర్రాడిని ఆధార్ అడగకుండా సీసా ఇచ్చేస్తున్నారంటే సిగ్గుపడాల్సింది కుర్రాడొక్కడే కాదు.

ఇంకో చిక్కు ఉంది. బ్రీత్ ఎనలైజర్ ఆల్కహాల్‌నే పట్టుకుంటుంది, గంజాయిని పట్టుకోదు. 185వ సెక్షన్ మత్తు పదార్థాలకూ వర్తిస్తుంది కానీ రోడ్డు పక్కన నిరూపించడం కష్టం. రాష్ట్ర ప్రభుత్వం ఈగల్ విభాగాన్ని పెట్టి, 1972 టోల్ ఫ్రీ నంబర్ ఇచ్చి, విద్యాసంస్థల్లో ఈగల్ క్లబ్బులు మొదలుపెట్టింది. ఆ క్లబ్బుల చర్చ ఎక్కువగా గంజాయి అమ్మకం, వాడకం చుట్టూనే తిరుగుతోంది. మత్తులో బండి నడపడం అనే ముక్క అందులోకి చేరాల్సి ఉంది.

లెక్కల విషయంలోనూ ఓ మాట. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో మద్యం, మత్తు ఖాతాలో పడినవి రెండున్నర శాతం మాత్రమే. 70 శాతానికి పైగా మరణాలు అతివేగం కింద రాశారు. ఇది చూసి మందు సమస్య చిన్నదే అనుకుంటే పొరపాటు. పల్లె రోడ్డు మీద బైక్ పడిపోయిన ప్రతిసారీ రక్త పరీక్ష చేయరు. ఎఫ్‌ఐఆర్‌లో 'అతివేగం, నిర్లక్ష్యం' అని రాస్తే పని అయిపోతుంది. ఇన్సూరెన్స్ పోతుందేమోనని ఇంట్లోవాళ్లూ మాట్లాడరు. లెక్కలోకి రాని దానికి బడ్జెట్ రాదు, బ్రీత్ ఎనలైజర్లూ రావు.

కుర్రాళ్లు గట్టిగా నమ్మే అపోహ ఇంకోటి.. నిమ్మకాయ నీళ్లు తాగితే, సముద్రంలో మునిగితే దిగిపోతుందని. దిగదు. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించుకుంటుంది. రీడింగ్ 100 ఉన్నవాడు 30 కిందికి రావాలంటే నాలుగున్నర గంటలు దాటాల్సిందే. సాయంత్రం ఆరింటికి ఆపినవాడు రాత్రి పది దాటాకా బండి ముట్టుకోకూడదు.

అందుకే మైపాడు విషయంలో అడగాల్సిన ప్రశ్నలు సదస్సుల గురించి కాదు. ఆదివారాలు, పండగ రోజుల్లో చీకటి పడ్డాక బీచ్ నుంచి నెల్లూరుకు ఆర్టీసీ బస్సులు ఎన్ని ఉంటాయి? తాళం తీసేసుకున్న కుర్రాడు ఇంటికి ఎలా చేరతాడు? బండి రాత్రికి అక్కడే వదిలి వెళ్లడానికి కాపలా ఉన్న పార్కింగ్ ఉందా? పోలీసులు, ఆర్టీసీ, పంచాయతీ కలిసి కూర్చుంటే ఒక్క మీటింగ్‌లో తేలే విషయాలివి. కార్తీక పౌర్ణమికి స్నానాలకు జనం వస్తారని ఏర్పాట్లు చేయడం ఈ శాఖలకు అలవాటే. కనుమ రోజు, జనవరి 1న సాయంత్రానికి అదే ఏర్పాటు ఎందుకు ఉండకూడదన్నదే ఇక్కడి తల్లిదండ్రులు అడగాల్సిన మాట.