వెనుక వరుస మనిషి

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవాడి ఫొటో మర్నాడు పత్రికలో పడుతుంది. గోలు పడకుండా అడ్డుకున్నవాడి ఫొటో ఎప్పుడైనా చూశారా? పడితే గిడితే, అడ్డుకోలేకపోయిన రోజున పడుతుంది. ఇంట్లో వంటకూడా ఇంతే గదా! ఏడాది పొడుగునా కూర కుదిరితే నోరెత్తేవాడు లేడు. ఒక్క పూట అడుగంటితే ఇంటిల్లిపాదీ జడ్జీలే.

అటువంటి వెనుక వరుస మనిషిని ఒకణ్ణి ఈ వారం మీకు పరిచయం చేస్తాను. పేరు చెడొమిర్ యానెవ్‌స్కీ. పేరు పలకడానికి నోరు తిరగకపోయినా, ఊరు మనకు బొత్తిగా కొత్తది కాదు. మదర్ థెరిసా పుట్టిన స్కోప్యేలోనే ఇతనూ 1961లో పుట్టాడు. రెండేళ్ళ పసివాడుగా వుండగా, 1963 జూలై 26న భూకంపం వచ్చి ఆ వూరు చాలామట్టుకు కూలిపోయింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఊరు మళ్ళీ లేచింది. కుర్రవాడూ పెరిగి పెద్దవాడై, ఆ వూరి నది పేరే పెట్టుకున్న వర్దార్ క్లబ్బులో బ్యాక్‌గా ఆడాడు.

అప్పట్లో అది యుగోస్లావియా. ఆ పేరు మన పాత ఫుట్‌బాల్ ప్రియులకు బాగానే జ్ఞాపకం వుంటుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మనవాళ్ళను 4-1తో ఓడించింది వాళ్ళే. ఆనాడు మన జట్టుకు కోచ్ హైదరాబాదు రహీం సాహెబు.

తరువాత ఆ దేశం ముక్కలయింది. 1991లో మాసిడోనియా విడిపోయింది. 2019 నుంచి దాని పేరు ఉత్తర మాసిడోనియా. దేశం మొత్తం జనాభా ఇరవై లక్షలు లేదు. ఆ దేశపు జట్టు 1993 అక్టోబరు 13న స్లొవేనియాతో మొదటి మ్యాచి ఆడి 4-1తో నెగ్గింది. యానెవ్‌స్కీకి అప్పటికే ముప్ఫై దాటాయి; బెల్జియంలో ఆడుతున్నాడు. సొంత దేశపు చొక్కా తొడుక్కునే భాగ్యం ఆట ముగిసే వయసులో గాని పట్టలేదు.

ఆడడం మానేసి కోచ్ అయ్యాడు. కోచ్ ఉద్యోగం అద్దె ఇంటి కాపురం వంటిదని నా అభిప్రాయం. సున్నాలు వేయించి, పెరట్లో మల్లెతీగ పాకించి, మొగ్గ తొడిగే వేళకు ఇల్లు ఖాళీ చెయ్యాలి. 2007లో సీజను మధ్యలో పాత కోచ్‌ను సాగనంపి, బ్రూజ్ వాళ్ళు ఇతనికి పగ్గాలిచ్చారు. ఫైనల్లో స్టాండర్డ్ లీజ్‌ను 1-0తో ఓడించి బెల్జియన్ కప్పు తెచ్చిపెట్టాడు. కప్పు బీరువాలోకి వెళ్ళింది. వచ్చే సీజనుకు ఉద్యోగం మరొకరికి వెళ్ళింది!

2008లో సెర్బియాలోని రెడ్‌స్టార్ బెల్‌గ్రేడుకు కోచ్ అయ్యాడు. అక్కడా కొద్ది నెలలే. 2012లో స్వదేశపు జట్టును అప్పగించారు. ఆ అక్టోబరు 16న, స్కోప్యేలో, ఆ సెర్బియానే 1-0తో ఓడించాడు. మరుసటి ఏడు ఆ కుర్చీకూడా దిగాడు.

ఇక 2017. తాను పెరిగిన వర్దార్ క్లబ్బుకే కోచ్‌గా వచ్చాడు. యూరోపా లీగ్ గ్రూపు దశలో చోటుకోసం టర్కీ దిగ్గజం ఫెనెర్‌బాచేతో పోటీ. స్కోప్యేలో 2-0, ఆగస్టు 24న ఇస్తాంబుల్‌లో వాళ్ళ జనసముద్రం నడుమ 2-1. రెండూ గెలుపులే! యూరప్ పోటీల గ్రూపు దశకు మాసిడోనియా క్లబ్బు ఒకటి చేరడం అదే మొదటిసారి.

తీరా చేరాక ఏమయింది? జెనిత్ చేతిలో 0-5, రియల్ సొసియెదాద్ చేతిలో 0-6. ఆరు మ్యాచీలలో దక్కింది ఒకే ఒక్క పాయింటు. పరువు పోయిందని విసుక్కునేవాళ్ళు ఎక్కడైనా వుంటారు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ ఆరు మ్యాచీలు ఆడే అర్హత సంపాదించడానికి ఆ దేశం ఇరవై ఏళ్ళకు పైగా కాచుకున్నది. పెద్దవాళ్ళ పంక్తిలో మొదటిసారి కూర్చున్నవాడు విస్తట్లో నాలుగు మెతుకులు ఒలకబోసుకుంటే, పంక్తిలో కూర్చోవడమే తప్పవుతుందా?

ఈసారి మీ పిల్లలు టీవీలో ఫుట్‌బాల్ పెట్టినప్పుడు ఒక్క పది నిమిషాలు బంతిని వదిలేసి వెనుక వరుసను చూడండి. చేతులు ఊపుతూ, తోటివాళ్ళను కేకేసి సర్దుతూ, ఏమీ జరగకుండా చూస్తూ ఒకడు కనిపిస్తాడు. ఏమీ జరగకపోవడం వెనుక ఎంత పని వుందో అప్పుడు తెలుస్తుంది.